పాత ఫోర్‌రన్నర్‌కి స్నో టైర్లు ఎక్కడా దొరకలేదు, చివరికి ఏం చేశానంటే?

ఈరోజు ఎపిసోడ్ ఫోన్ల గురించి కాదు, కోడింగ్ గురించి కూడా కాదు. టైర్ల గురించి. "టైర్ల గురించి అరగంట ఏం చెప్తావ్ బ్రో?" అనిపిస్తే, ఈ చలికాలం అమెరికాలోనో కెనడాలోనో ఉండబోయే మీ అన్నకో, అక్కకో, ఫ్రెండ్‌కో ఇది పంపండి చాలు. అక్కడికి వెళ్లిన మనవాళ్లు చాలామంది మొదట కొనేది పాత బండే కదా. పాత బండి కొన్నప్పుడు ఇంజిన్ చూస్తాం, ఏసీ చూస్తాం, పాటలు వస్తున్నాయా లేదా చూస్తాం. టైర్ల వైపు మాత్రం ఎవరం చూడం. నేనూ చూడలేదు.

మీలో కొంతమందికి తెలుసు, ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. కంపెనీ ఆన్‌సైట్ పంపిస్తే కొన్నేళ్లు అమెరికాలో, కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఉన్నాను. అక్కడ ఆఫీసులో ఒకాయన దగ్గర 1995 టొయోటా ఫోర్‌రన్నర్ కొన్నాను. వీ6 ఇంజిన్, లివర్‌తో వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్. నాకంటే వయసులో పెద్ద బండి. కానీ ఎత్తుగా, బాక్స్‌లాగా, చూస్తేనే భలే ఉండేది. "దీనికి మంచు ఒక లెక్కా" అనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

ఆ రోజు జరిగింది

ఆ ఏడాది దసరాకి అమ్మా నాన్నా వచ్చారు. నాన్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్. ఏళ్ల తరబడి శ్రీశైలం ఘాట్‌లో బస్సు నడిపిన మనిషి. అక్టోబర్‌లో ఒక ఆదివారం వాళ్లని కొండల్లోకి తీసుకెళ్లాను. డెన్వర్ నుంచి పడమటికి ఐ-70 హైవే మీద వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ వస్తుంది. 11,000 అడుగుల పైన ఉంటుంది అది. డెన్వర్‌లో ఎండ కాస్తుంటే అక్కడ మంచు పడుతూ ఉంటుంది. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు టన్నెల్ దాటాక మంచు మొదలైంది.

నేను ఫోర్ వీల్ వేశాను. బండి పట్టు బాగుంది అనిపించింది. కిందికి దిగుతూ, జార్జ్‌టౌన్ దగ్గర టీ తాగుదామని ఎగ్జిట్ తీసుకున్నాను. ర్యాంప్ చివర స్టాప్ బోర్డు ఉంది. మామూలుగా ఎక్కడ బ్రేక్ వేస్తానో అక్కడే వేశాను. బండి ఆగలేదు. పెడల్ కింద దడదడ మంటోంది, బండి మాత్రం తన పాటికి తను జారుకుంటూ పోతోంది. స్టాప్ బోర్డు దాటి, అడ్డరోడ్డు మధ్యలోకి వెళ్లి ఆగింది. ఎడమ నుంచి వస్తున్న పికప్ ట్రక్కు ముందే చూసి నెమ్మది చేశాడు కాబట్టి సరిపోయింది. ఆ ట్రక్కు వస్తున్న వైపు కిటికీ పక్కన కూర్చున్నది మా అమ్మ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బండి పక్కన ఆపాక నాన్న దిగి, నాలుగు టైర్లూ ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూశాడు. "ఒరేయ్, బటన్లు ఉన్నాయి గానీ రబ్బరు రాయైపోయింది. బండిని ఆపేది బ్రేకు కాదురా, టైరు" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

చట్టం ప్రకారం నా బండి కరెక్టే

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. కొలరాడోలో ట్రాక్షన్ లా అని ఉంది. ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా, సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు, మీ బండి టైర్ల బటన్ లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు. దాంతోపాటు, నేనున్నప్పటి నియమం ప్రకారం, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ఉండాల్సి వచ్చేది, లేదా ఎం ప్లస్ ఎస్ టైర్లో వింటర్ టైర్లో ఉండాల్సి వచ్చేది. ఇవేవీ లేకపోతే చైన్లు వెంట పెట్టుకోవాల్సి వచ్చేది. నా బండికి ఫోర్ వీల్ ఉంది, ఎం ప్లస్ ఎస్ ముద్ర ఉంది, లోతు కూడా ఉంది. పోలీసు ఆపినా ఒక్క రూపాయి ఫైన్ పడదు. అయినా స్టాప్ బోర్డు దాటేశాను.

ఎందుకు? మూడు కారణాలు.

మొదటిది, ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఇంజిన్ బలం రెండు చక్రాలకు బదులు నాలుగు చక్రాలకు పోతుంది, అందుకే మంచులో ఈజీగా కదులుతుంది. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా! ఆ విషయంలో ఫోర్ వీల్ బండికి అదనంగా వచ్చేదేమీ లేదు. పైగా బండి బరువెక్కువ, ఆపడం ఇంకా కష్టం. ఇంకో ప్రమాదం ఏంటంటే, కదలడం తేలికగా ఉండేసరికి రోడ్డు బాగానే ఉందని మనం మోసపోతాం.

రెండోది, రబ్బరు. మామూలు టైర్ రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వెళ్తే గట్టిపడటం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యి గుర్తు తెచ్చుకోండి. గట్టి రబ్బరు రోడ్డు గరుకుని పట్టుకోలేదు. వింటర్ టైర్‌లో సిలికా ఎక్కువ కలిపిన వేరే రకం రబ్బరు వాడతారు, అది గడ్డకట్టే చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. దానికి తోడు ప్రతి బటన్ మీద బ్లేడుతో గీసినట్టు సన్నని గీతలు బోలెడు ఉంటాయి. వాటిని సైప్స్ అంటారు. బ్రేక్ వేసినప్పుడు ఆ గీతలు తెరుచుకుని ఒక్కో అంచూ మంచుని గీరుకుంటూ పట్టుకుంటుంది. ఇంకో విషయం, టైర్ గాళ్లలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీద మంచుని పట్టుకుంటుంది. మంచుకి మంచే పట్టు. అందుకే గాళ్లు వెడల్పుగా, లోతుగా ఉండాలి.

మూడోది, ముద్రలు. ఎం ప్లస్ ఎస్ అంటే మడ్ అండ్ స్నో. ఇది టైర్ గాళ్ల ఆకారాన్ని చూసి వేసే ముద్ర. దీనికి మంచులో ఏ పరీక్షా అక్కర్లేదు. అసలు చూడాల్సింది ఇంకో బొమ్మ. మూడు శిఖరాలున్న కొండ, దాని మధ్యలో మంచు రేకు. ఆ బొమ్మ కావాలంటే ఆ టైర్‌ని నొక్కుకుపోయిన మంచు మీద పరీక్షించాలి, ఒక ప్రామాణిక టైర్ కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలి. కెనడాలో క్యూబెక్ వెళ్లేవాళ్లు వినండి, అక్కడ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి, అక్కడ అడిగేది ఈ బొమ్మే. అయితే ఈ బొమ్మకీ ఒక పరిమితి ఉంది. ఆ పరీక్ష మంచు మీద బండి ముందుకు లాగే పట్టుని కొలుస్తుంది. గడ్డకట్టిన ఐసు మీద బ్రేక్‌ని కొలవదు. అది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

సైజు దొరకదు, అసలు కష్టం అదే

ఇంటికి రాగానే ఆ రాత్రే ఆర్డర్ పెట్టేద్దామని కూర్చున్నాను. నా టైర్ మీద సైజు 31 బై 10.50 ఆర్ 15. అంటే 31 అంగుళాల ఎత్తు, 10.5 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్ము. తొంభైల్లో పాత పికప్‌లకి, జీపులకి ఇది చాలా మామూలు సైజు. ఇప్పుడు కొత్త ఎస్‌యూవీలకి బ్రేకులు పెద్దవయ్యాయి, రిమ్ములు 17, 18, 20 అంగుళాలకు వెళ్లిపోయాయి. కంపెనీ దృష్టితో చూడండి, ప్రతి సైజుకీ వేరే అచ్చు కావాలి. అమ్ముడుపోని సైజుకి అచ్చు ఎందుకు పెట్టుకుంటారు? 15 అంగుళాల్లో అంత వెడల్పు టైర్లు దొరికినా, అవి బురదకి, రాళ్లకి చేసినవే ఎక్కువ. అచ్చంగా వింటర్ టైర్ అంటే "స్టాక్ లేదు", "ఆపేశాం", "వచ్చే ఏడాది చూడండి".

ఇంకో సంగతి, వింటర్ టైర్లు మన టపాకాయల్లాంటివి. సీజన్‌కి ముందే తయారుచేస్తారు, షాపులవాళ్లు ముందే చెప్పి తెప్పించుకుంటారు. మొదటి మంచు పడ్డాక అందరూ ఒకేసారి ఎగబడతారు. అరుదైన సైజు అయిపోతే ఇక ఆ ఏడాదికి అంతే. నేను వెతకడం మొదలుపెట్టింది అక్టోబర్ చివర్లో. వెతకాల్సింది ఆగస్టులో.

మూడు వారాలు తిరిగాను. ఒక షాపతను "రెండే ఉన్నాయి, వెనక వేసుకో" అన్నాడు. ఆ పని ఎప్పుడూ చేయకండి. రెండు చక్రాలకి ఒక పట్టు, రెండు చక్రాలకి ఇంకో పట్టు ఉంటే బండి తిప్పలేకనైనా పోతారు, లేదా తోక తిరిగి గిర్రున తిరగనైనా తిరుగుతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి.

ఒక ఆన్‌లైన్ షాపులో చివరికి నాలుగు కనిపించాయి. ఎగిరి గంతేసి కొన్నాను. వచ్చాక టైర్ పక్క గోడ మీద డాట్ నంబర్ చూశాను. ఆ నంబర్ చివరి నాలుగు అంకెలు తయారైన తేదీ. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. నాకొచ్చినవాటి మీద 2316 అని ఉంది. 2016లో 23వ వారం. అంటే నా చేతికొచ్చేసరికే ఆరేళ్లు దాటాయి. "వాడలేదు కదా, కొత్తవే కదా" అన్నారు వాళ్లు. బీరువాలో పెట్టినా రబ్బరుకి వయసు అవుతుంది. నేను డబ్బు పెడుతున్నదే మెత్తటి రబ్బరు కోసం, గట్టిపడిన వింటర్ టైర్ కొని ఏం చేయను? తిరిగి పంపాను, రవాణా ఖర్చు నాదే. కొనేముందే తేదీ అడిగి ఉంటే అది మిగిలేది.

సైజు వెతకడం ఆపి, లెక్క వేశాను

అప్పటికి వచ్చిన ఆలోచన ఇది. నాకు కావాల్సింది "31 బై 10.50" అనే పేరు కాదు. నా రిమ్ముకి పట్టాలి, బరువు మోయాలి, నాలుగూ సమానంగా ఉండాలి, చలిలో మెత్తగా ఉండాలి. ఈ నాలుగు షరతులూ తీరితే ఏ సైజైతే ఏంటి? మూడు దారులు కనిపించాయి.

మొదటి దారి, అదే సైజులో కొండ బొమ్మ ఉన్న ఆల్ టెర్రైన్ టైర్. ఉదాహరణకి బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2 మీద ఆ బొమ్మ ఉంటుంది. అన్ని కాలాలకీ పనికొస్తుంది, మార్చే పని లేదు. కానీ ఇందాక చెప్పిన పరిమితి గుర్తుందా? అవి రాళ్లలో కోసుకుపోకుండా గట్టిగా చేసిన టైర్లు. తాజా మంచులో బాగుంటాయి. నున్నటి ఐసు మీద అచ్చమైన వింటర్ టైర్‌తో పోటీ పడలేవు. నేను జారింది సరిగ్గా అలాంటి చోటే.

రెండో దారి, వేరే రిమ్ములు. స్క్రాప్ యార్డులో తర్వాతి మోడల్ బండ్ల 16 అంగుళాల రిమ్ములు దొరుకుతాయి. మన విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్లకి ఆ వాతావరణం కొత్తేం కాదు. 265/70 ఆర్ 16 సైజు వేస్తే ఎత్తు 777 మిల్లీమీటర్లు వస్తుంది, నా పాత టైర్‌కి దాదాపు సమానం. ఆ సైజులో వింటర్ టైర్లు ఎక్కువే ఉంటాయి. అయితే బోల్టుల లెక్క, మధ్య రంధ్రం, రిమ్ము లోపలికి బయటికి ఉండే దూరం, అంటే ఆఫ్‌సెట్, మూడూ కలవాలి. ఫోర్‌రన్నర్‌కి ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వృత్తంలో ఉంటాయి. ఒక్కటి కలవకపోయినా తీసుకోవద్దు.

మూడో దారి, ఉన్న రిమ్ముకే చిన్న సైజు. 235/75 ఆర్ 15. లెక్క చూడండి. 235 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. దాంట్లో 75 శాతం పక్క గోడ ఎత్తు, 176.25. పైనా కిందా రెండుసార్లు కలిపితే 352.5. రిమ్ము 15 అంగుళాలు అంటే 381. మొత్తం 733.5 మిల్లీమీటర్లు. నా పాత టైర్ పేరుకి 31 అంగుళాలే గానీ కొలిస్తే సుమారు 775. తేడా 5 శాతం చిల్లర. అంటే స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజంగా వెళ్లేది 57 లోపే. తప్పే, కానీ ప్రమాదం లేని వైపు తప్పు. బండి నేలకి సుమారు 2 సెంటీమీటర్లు దగ్గరవుతుంది, ఊరి రోడ్డుకి నష్టం లేదు. పైగా మంచులో సన్న టైరే మేలు. వెడల్పు టైర్ మంచు మీద తేలుతుంది, సన్నది కోసుకుని కింద రోడ్డుని అందుకుంటుంది.

బరువు లెక్క మర్చిపోకూడదు. పాతవి ట్రక్కు రకం, ఒక్కోటి 1030 కిలోలు మోస్తాయి. 235/75 ఆర్ 15లో లోడ్ ఇండెక్స్ 105 ఉన్న కారు రకం టైర్ 925 కిలోలు మోస్తుంది. కారు రకం టైర్‌ని ట్రక్కు తరహా బండికి వేస్తే ఆ అంకెని 1.1తో భాగించాలి, 841 వస్తుంది. నాలుగింటికీ 3364 కిలోలు. డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద ఉన్న బండి గరిష్ఠ బరువు దానికంటే చాలా తక్కువ. ఇరుసుల లెక్కా సరిపోయింది. మీ బండికి మీ స్టిక్కర్ చూసుకోండి, నా లెక్క కాపీ కొట్టకండి.

ఈ 235/75 ఆర్ 15 పాత చిన్న పికప్‌లకి బాగా వాడిన సైజు. అందుకే సిటీలో మెరిసే షాపులు వదిలేసి, పశువుల ఫారాలున్న చిన్న ఊళ్ల టైర్ షాపులకి ఫోన్ చేయడం మొదలుపెట్టాను. వెబ్‌సైట్ కూడా లేని ఒక షాపులో ఒక పెద్దాయన "ఎన్ని కావాలి? ఐదున్నాయి" అన్నాడు. డాట్ తేదీ చదవమన్నాను. ఆ ఏడాదివే.

నాలుగా, ఐదా?

నాలుగు చాలన్నాను. ఆ రాత్రి నాన్నకి ఫోన్‌లో గొప్పగా చెప్పాను, అప్పటికి వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు. అంతా విని ఒకటే అడిగాడు, "మరి స్టెప్నీ?"

నేను ఆగిపోయాను. స్టెప్నీ పాత 31 సైజు. నా బండిలో ఫోర్ వీల్ వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు గట్టిగా కలిసిపోతాయి, మధ్యలో తేడాని సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ఒక చక్రం 733, ఇంకోటి 775 ఉంటే రెండు ఇరుసులూ వేర్వేరు వేగాల్లో తిరగాలని చూస్తాయి. ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. అంటే కొండ మీద మంచులో పంక్చర్ అయితే, ఫోర్ వీల్ అవసరమైన ఆ ఒక్క రోజే ఫోర్ వీల్ వేయలేను. ఏడేళ్లు ఇంజనీరింగ్, సాఫ్ట్‌వేర్ అని తిరిగి ఇన్ని లెక్కలు వేసిన నాకు తట్టలేదు, ఆయనకి తట్టింది. పొద్దున్నే ఫోన్ చేసి ఐదోది కూడా తీసుకున్నాను.

బిగించాక మొదటి మంచు రోజు, ఖాళీ పార్కింగ్‌లో ప్రాక్టీస్ చేశాను. నెమ్మదిగా వెళ్లి గట్టిగా బ్రేక్ వేయడం, అంతే. ఇది మీరూ చేయండి. టైర్ మారిస్తే చాలదు, అది ఎంత దూరంలో ఆగుతుందో మీ కాలికి తెలియాలి. ఆ తర్వాత ఒక ఆదివారం అదే జార్జ్‌టౌన్ ర్యాంప్ దిగాను. ఈసారి చాలా ముందు నుంచే నెమ్మది చేశాను. బోర్డుకి ముందే ఆగింది. ఆగాక కూడా కాసేపు రెండు వైపులా చూస్తూ అలాగే కూర్చున్నాను.

గుర్తుపెట్టుకోవాల్సినవి

ఆగస్టు, సెప్టెంబర్‌లోనే వెతకండి. కొండ బొమ్మ చూడండి, ఎం ప్లస్ ఎస్ ఒక్కటే చాలదు. డబ్బు కట్టకముందే డాట్ తేదీ అడగండి. సైజు దొరక్కపోతే రిమ్ము, ఎత్తు, బరువు లెక్క వేసుకుని దగ్గరి సైజు చూడండి, బిగించే ముందు షాపులో చూపించండి. నాలుగూ ఒకే రకం, పాత ఫోర్ వీల్ బండి అయితే స్టెప్నీతో కలిపి ఐదు. చలికి గాలి తగ్గుతుంది, సుమారు 5 డిగ్రీలు పడితే ఒక పీఎస్ఐ పోతుంది, కాబట్టి నెలకోసారైనా పొద్దున్నే చల్లటి టైర్ మీద చెక్ చేయండి. ఎండలు రాగానే తీసేయండి, వేడి రోడ్డు మీద మెత్తటి రబ్బరు ఇట్టే అరిగిపోతుంది.

ఇవన్నీ చేసినా మంచు మంచే. టైర్ మీకు కొన్ని అడుగులు మిగులుస్తుంది, మిగతాది నెమ్మదిగా వెళ్లడమే. కుదిరితే ఆ రోజు ఇంట్లోనే ఉండండి, ఆఫీసు ఎక్కడికీ పోదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్నని కెమెరా ముందు కూర్చోబెట్టి ఘాట్ రోడ్డు డ్రైవింగ్ గురించి అడుగుతాను. ఆయన ఒప్పుకుంటే. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను మరి.